పాత శుభలేఖల ఫైళ్లు లిబ్రే ఆఫీస్‌లో: పర్లాకిమిడి డీటీపీ షాపు నుంచి ఒక రివ్యూ

ఐదింటికి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. లిబ్రే ఆఫీస్ అంటే వర్డ్ లాంటి పనులు చేసే ఆఫీస్ సాఫ్ట్‌వేర్. నేను దీన్ని కొత్తగా ఉత్తరాలు టైపు చేసుకోడానికి వాడను, ఆ సంగతి వేరేవాళ్లని అడగండి. మా మావయ్య డీటీపీ షాపు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఆయన కాలం నాటి సీడీలు, పాత హార్డ్ డిస్కు అన్నీ విండోస్ 11 కంప్యూటర్లోకి ఎక్కించాక ఈ అవసరం పడింది. కొన్ని వర్డ్ ఫైళ్లు, చాలావరకు పేజీలు డిజైన్ చేసే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌వి. మా ఊళ్లో శుభలేఖంటే చాలామందికి ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఒడియా ఉండాలి. తెలుగు అనూ ఫాంట్లలో, ఒడియా ఆకృతి అనే ఫాంట్లలో కొట్టేవారు. తిప్పలన్నీ అక్కడే.

"అక్క పెళ్లికి వేసిన కార్డే చెల్లికీ వెయ్యమ్మా, పేర్లు మారిస్తే చాలు" అంటూ వస్తారు. అక్క పెళ్లెప్పుడంటే వాజపేయి ప్రధానిగా ఉన్నప్పుడు!

ముందు తెరవడం. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది. దాని తర్వాత వచ్చిన డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 వెర్షన్ వరకే ఆ ఫైళ్లు తెరిచేది, ఆ తర్వాతివి తెరవవు. లిబ్రే ఆఫీస్ 2015లో వచ్చిన 4.4 నుంచి వాటిని డ్రాలో, అంటే తన బొమ్మలు గీసే భాగంలో, తెరుస్తోంది, అదీ పైసా ఖర్చు లేకుండా. అచ్చం పాత పేజీలా మాత్రం రాదు. లైన్లు జరుగుతాయి, వినాయకుడి బొమ్మ ఒక్కోసారి కనపడదు. నాకు అక్షరాలు చేతికొస్తే చాలు, డిజైన్ ఎలాగూ కొత్తగా చేస్తాను. తగ్గించిన స్టారు ఈ పేజ్‌మేకర్ సంగతికే. వర్డ్ ఫైళ్లతో ఏ గొడవా లేదు, ఎంత పాతవైనా రైటర్లో, అంటే టైపు చేసుకునే భాగంలో, తెరుచుకున్నాయి.

అసలు కష్టం ఫైలు వెతకడం. మావయ్య పేర్లు పెట్టిన తీరు చూడాలి: పెళ్లి1, పెళ్లి2, పెళ్లిఫైనల్, పెళ్లిఫైనల్లాస్ట్. "ఏటే అమ్మీ, తెరిచి చూస్తే తెలిసిపోదేటి?" అంటారాయన. తెరిస్తే డాలర్లు, డిగ్రీ గుర్తులు, కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు! అనూ లాంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీదే తెలుగు గుణింతాల ముక్కలు తగిలించాయి. ఫాంటు ఉంటేనే అది తెలుగు, లేకపోతే చిలక్కొట్టిన జామపండే. అందుకే ఇప్పటి యూనికోడ్ (తెలుగు అక్షరాలకి సొంత కోడ్లుండే పద్ధతి) కీబోర్డుతో ఇంటిపేరు కొట్టి వెతికితే, ఫైల్లో ఆ పేరున్నా కంప్యూటర్‌కి దొరకదు. పేజ్‌మేకర్ ఫైళ్లయితే విండోస్ ఫైలు పేరు మాత్రమే చూస్తుంది, లోపలికి తొంగి చూడదు.

నేను చేసేది ఇదీ. ముందు డాట్ పీఎండీ, డాట్ పీ65 (ఈ రెండూ పేజ్‌మేకర్‌వి), డాట్ డాక్ (వర్డ్‌ది) అని వెతికి అన్నీ ఒక ఫోల్డర్లోకి తెచ్చుకుంటాను. డేట్ మాడిఫైడ్ (చివరిసారి మార్చిన తేదీ) ప్రకారం వరస పెడతాను. కాపీ చేసినప్పుడు క్రియేటెడ్ తేదీ కొత్తదైపోతుంది, మాడిఫైడ్ తేదీ మామూలుగా పాతదే ఉంటుంది. పెళ్లి ఏ మాఘంలోనో, ఏ శ్రావణంలోనో తెలిస్తే సగం పని అయినట్టే. వర్డ్ ఫైళ్లని లిబ్రే ఆఫీస్ హెడ్‌లెస్ పద్ధతిలో, అంటే విండో తెరవకుండా ఒకే కమాండుతో, టెక్స్ట్ ఫైళ్లుగా మార్చేస్తుంది. వాటిల్లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌తో వెతుకుతాను. ఇంగ్లీషు ఫాంటులో కొట్టిన ఫోన్ నంబర్లు వెంటనే దొరుకుతాయి. తెలుగు పేరు కావాలంటే, ఆ ఇంటిపేరున్న ఏదో ఒక పాత ఫైల్లోంచి ఆ పిచ్చి గుర్తులనే కాపీ చేసి వెతకాలి. నవ్వొస్తుంది గానీ పనవుతుంది.

ఇక యూనికోడ్‌లోకి మార్చడం. అనూ కన్వర్టర్లు నెట్లో ఉన్నాయి, కానీ ఒడియా ముక్క కూడా అందులో పడిందా, వచ్చేది ఏ భాషో ఆ దేవుడికే తెలియాలి. రైటర్లో ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, ఫార్మాట్‌లో ఫాంటు పేరు ఇచ్చి ఫైండ్ ఆల్ నొక్కితే అనూలో ఉన్నవన్నీ ఒకేసారి సెలెక్ట్ అవుతాయి. కాపీ చేసి కన్వర్టర్లో వేస్తాను. ఆకృతి ముక్కలకి మళ్లీ ఇదే, వేరే కన్వర్టర్‌తో. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా నేను లిబ్రే ఆఫీస్ ఉంచుకుంటాను. వత్తులు మాత్రం కన్వర్టర్లు కొన్ని తారుమారు చేస్తాయి, పెళ్లికొడుకు పేరు అక్షరం అక్షరం చదివి గానీ ప్రింటుకి ఇవ్వను.

మీ షాపులో పాత ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుంటే దాన్ని తుక్కుకి వేసే ముందు ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి. వాటిలో ఒక్కో ఫాంటు ఒక్కో పాత ఫైలుకి కావలసి వస్తుంది.