అనంతపురంలో పైథాన్, డేటాబేస్ కోర్సుకు ఫీజు కట్టేముందు ఒక్కసారి చూసుకోండి

టవర్ క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా ఎటు చూసినా 'పైథాన్ ప్లస్ డేటాబేస్, ప్రాజెక్టుతో సహా' అనే బ్యానర్లే. పైథాన్ అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే భాష, డేటాబేస్ అంటే వివరాల్ని టేబుల్స్‌లో దాచే చోటు. డిగ్రీ చదివే మా తమ్ముడు అలాంటి ఒక చోట చేరాడు. సంస్థ పేరు రాయను, కానీ అక్కడ ఏం అమ్ముతున్నారో చెప్తాను. ఇదే సరుకు ఇంకా ఎన్ని చోట్ల తిరుగుతోందో మరి.

ఫీజు మొత్తం ముందే కట్టించుకున్నారు. రసీదు అడిగితే తెల్లకాగితం మీద సంతకం పెట్టిచ్చారు. 'డేటాబేస్ కిట్' అని ఇంకొంత విడిగా లాగారు. తీరా చూస్తే ఆ కిట్టు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. అది అందరికీ ఉచితం. పైగా దాన్ని పైథాన్‌లో వాడుకోవడానికి కావలసిన మాడ్యూల్, అంటే రెడీమేడ్ కోడ్, 2006లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచి పైథాన్‌తోపాటే వస్తోంది.

పైథాన్‌లో ఒక్కో 'కీ' కింద ఒక్కో విలువ దాచుకునేదాన్ని డిక్షనరీ అంటారు. నోట్సు చూస్తే డిక్షనరీలో కీ ఉందో లేదో తెలుసుకోవడానికి 'హ్యాజ్‌కీ' వాడమని ఉంది. అది పాత పైథాన్ 2లోది, పైథాన్ 3లో లేనే లేదు. పైథాన్ 2కి సపోర్టు 2020 జనవరి 1తోనే ఆగిపోయింది. ఎర్రర్ వస్తోందని మావాడు అడిగితే 'మీ ల్యాప్‌టాప్ ప్రాబ్లం' అన్నారట!

ఎర్రర్ వస్తే కనీసం తప్పుందని తెలుస్తుంది. ప్రాజెక్టు అంతకంటే ఘోరం. అది విద్యార్థుల వివరాలు దాచే ప్రోగ్రాం, డిక్షనరీలో కీగా పెట్టింది పేరు. మన జిల్లాలో ఒక క్లాసులో ఇద్దరు ఎర్రిస్వాములు ఉండటం వింతా? రెండో ఎర్రిస్వామి మార్కులు ఎక్కించగానే మొదటివాడివి పోతాయి. పైథాన్ నోరు మెదపదు, ఎందుకంటే ఉన్న కీకే మళ్లీ విలువ ఇస్తే పాతది చెరిపి కొత్తది పెట్టడమే డిక్షనరీ పద్ధతి. నోట్సులో మాత్రం 'డిక్షనరీ కీ, ప్రైమరీ కీ రెండూ ఒకటే' అని రాసి కింద గీత కూడా గీశారు. ప్రైమరీ కీ అంటే డేటాబేస్ టేబుల్లో ఒక్కో వరుసను విడిగా గుర్తుపట్టే విలువ. టేబుల్లో రోల్ నంబరును ప్రైమరీ కీగా పెట్టి అదే నంబరుతో రెండో వరుస ఇన్‌సర్ట్ చేసి చూడండి, డేటాబేస్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఒకటి చెరిపేస్తుంది, ఇంకొకటి అడ్డుకుంటుంది. ఈ తేడా చెప్పకపోతే ఇక ఆ పాఠం ఎందుకు?

ఇంకో చోట, కీబోర్డు నుంచి తీసుకున్న 101తో డిక్షనరీలో వెతికితే 'కీ ఎర్రర్', అంటే అలాంటి కీ లేదనే ఎర్రర్ వస్తోంది. టేబుల్ నుంచి వచ్చిన 101 నంబరు, టైపు చేసిన 101 స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. పైథాన్‌కి అవి రెండు వేర్వేరు కీలు. నంబరుగా మారిస్తే సరిపోయేది. సారు మాత్రం ఆ ఎర్రర్ కనబడకుండా 'ట్రై', 'ఎక్సెప్ట్', 'పాస్' పెట్టి మూసేశారు. మార్పుల్ని డేటాబేస్‌లో ఖాయం చేసే కమిట్ కూడా ఎక్కడా లేదు, కాబట్టి ప్రోగ్రాం ఆపి మళ్లీ తెరిస్తే టేబుల్ ఖాళీ. డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశాలు, అంటే క్వెరీలేమో పేరును నేరుగా అతికించి తయారుచేసినవి. డిసౌజా (D'Souza) అనే పేరులో అపాస్ట్రఫీ ఉన్నా చాలు, విరిగిపోతాయి. కావాలని చెడగొట్టేవాడికైతే అది తెరిచిన తలుపే. విలువల చోట ప్రశ్న గుర్తు పెట్టి, విలువల్ని విడిగా పంపడం మొదటి వారంలోనే నేర్పాలి.

చేరాలనుకుంటే డెమో క్లాసులో సారును రెండే అడగండి. ఒకే కీ రెండుసార్లు రాస్తే ఏమవుతుంది? లేని కీని అడిగితే ప్రోగ్రాం ఆగకుండా ఎలా చూసుకోవాలి? రెండోదానికి, కీ లేకున్నా ఎర్రర్ ఇవ్వని 'గెట్' అనే మాటైనా రాకపోతే బయటికొచ్చేయండి. ఫీజు నెలనెలా కడతామనండి, జీఎస్టీ నంబరున్న బిల్లు అడగండి. మొహం మారితే మీకే అర్థమవుతుంది.

డబ్బు వెనక్కి అడిగితే మాకు 'రీఫండ్ లేదు' అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. ఇప్పటికే కట్టినవాళ్లుంటే నోట్సు, రసీదు, ఫోన్‌లో పంపిన మెసేజీలు ఏవీ పారేయకండి, ఫిర్యాదుకు అవే ఆధారం. మావాడు ఇప్పుడు పైథాన్ అధికారిక సైట్లోని ట్యుటోరియల్ చదువుకుంటున్నాడు. దానికి పైసా ఖర్చు లేదు.