ఎనిమిది శనివారాలు, ఎనిమిది మంది యజమానులు: ఒక వ్యాపార శిక్షణ కార్యక్రమంపై సమీక్ష

ప్రాంతీయంగా పేరు తెచ్చుకున్న సంస్థల అధిపతులే స్వయంగా వచ్చి, తమ సంస్థలు ఎలా పెరిగాయో, పనిచేసే చోట ఎలాంటి మార్పులు వస్తున్నాయో చెబుతారన్న ప్రకటన చూసి ఈ ఎనిమిది వారాల కార్యక్రమంలో చేరాను. అట్టపెట్టెలు తయారుచేసే మా సంస్థలో 46 మంది పనిచేస్తున్నారు. రెండేళ్లుగా ఆర్డర్లు పెరుగుతున్నా చేతిలో డబ్బు ఆడడం లేదు. పైగా పని చేతికొచ్చిన మనుషులు వచ్చినట్టే వెళ్లిపోతున్నారు. ఈ రెండు చిక్కులకూ దారి దొరుకుతుందా అన్నదే నాకు కొలబద్ద కనుక, ఈ సమీక్షను కూడా ఆ దృష్టితోనే చదవాలి. నిర్వాహకుల పేరు రాయడం లేదు. నేను ఎత్తిచూపిన లోపాలలో కొన్నింటిని సరిదిద్దుతామని వారు మాట ఇచ్చారు.

ప్రతి శనివారం మూడు గంటల తరగతి. మొదటి గంట వక్త ప్రసంగం, రెండో గంట ఆ సంస్థలో జరిగిన ఒక ఘటనపై చర్చ, మూడో గంట ప్రశ్నలు, సమాధానాలు. చేరినవారికి ఒక అభ్యాస పుస్తకం ఇస్తారు. ఏర్పాట్లలో వంక పెట్టవలసింది పెద్దగా లేదు.

చేరినందుకు ఫలితం దక్కిందని నాకు అనిపించింది మూడో వారంలో. యంత్రాల విడిభాగాలు తయారుచేసే సంస్థ యజమాని ఒకాయన వచ్చారు. ఆయన స్లైడ్లేమీ తేలేదు. బోర్డు మీద 45, 60, 30 అని మూడు అంకెలు రాసి, సరుకు గోదాములో సగటున 45 రోజులు ఉంటుందనీ, అమ్మాక కొనుగోలుదారు డబ్బు ఇవ్వడానికి 60 రోజులు పడుతుందనీ, మనం ముడిసరుకు ఇచ్చినవారికి 30 రోజుల్లో చెల్లించాలనీ చెప్పి, మొదటి రెండూ కూడి మూడోది తీసివేస్తే వచ్చే 75 రోజుల పాటు వ్యాపారం మన జేబులోని డబ్బుతోనే నడవాలని వివరించారు. అక్కడి వరకూ వాణిజ్యశాస్త్రం చదివినవారికి తెలిసిందే. ఆ తర్వాత ఆయన వేసిన లెక్క మాత్రం గదిలో చాలామందిని కలం పట్టించింది. ఏడాదికి ఖర్చు లెక్కన అదనంగా 100 వంతుల సరుకు అమ్మాలంటే, 75 రోజుల లెక్క ప్రకారం 20 వంతులకు పైగా డబ్బు ఎప్పుడూ ఇరుక్కుని ఉంటుంది. ఆ అమ్మకం మీద మిగిలేది 10 వంతులే అయితే, ఏడాది లాభమంతా తెచ్చి పోసినా ఆ గుంత సగం కూడా పూడదు. అంటే నష్టాల్లో లేని సంస్థ, పైగా బాగా అమ్ముతున్న సంస్థ, పెరుగుతున్న కారణంగానే జీతాలకు తడుముకునే స్థితికి రావచ్చు. తన సంస్థ అమ్మకాలు రెట్టింపైన ఏడాదే తాను అప్పు కోసం ఎక్కువసార్లు తిరగవలసి వచ్చిందని ఆయన ఏ సంకోచమూ లేకుండా చెప్పారు. రెండేళ్లుగా నేను తప్పుగా పెట్టుకున్న ప్రశ్నేమిటో నాకు అప్పుడు తెలిసింది. అమ్మకాలు చాలడం లేదేమోనని అనుకుంటూ వచ్చాను. నిజానికి డబ్బు రొటేషన్ ఎక్కడ ఆగుతోందో చూడలేదు.

అభ్యాస పుస్తకంలో ఆ లెక్కకు ఒక పేజీ ఉంది. మా అకౌంటెంటుతో కూర్చుని నింపితే సరుకుకు 38, రావలసిన బాకీలకు 79, చెల్లించవలసిన వాటికి 25 వచ్చాయి. అంటే 92 రోజులు. ఆ 79లో 11 రోజులు కొనుగోలుదారు తప్పు కానే కాదు. సరుకు దించిన చోట సంతకం చేసిన చలానా డ్రైవరు జేబులోనో, వాహనం సీటు కిందో ఉండిపోయి, వారాంతాల్లో గుత్తగా ఆఫీసుకు చేరేదాకా మేము ఇన్‌వాయిస్ పంపడం లేదు. ఇన్నేళ్లూ ఎదుటివారు ఆలస్యంగా చెల్లిస్తున్నారని నిష్ఠూరమాడుతూ వచ్చిన నాకు, ఆలస్యంలో కొంత మా గుమ్మంలోనే మొదలవుతోందని చూడడం కాస్త సిగ్గుగానే అనిపించింది.

ఐదో వారం వక్త గోదాముల నిర్వహణ సంస్థ నడిపే ఒక మహిళ. సంస్థ పెరిగేకొద్దీ ఒక దశను గట్టెక్కించిన పద్ధతే తర్వాతి దశలో అడ్డవుతుందని నిర్వహణ శాస్త్ర ఆచార్యుడు లారీ గ్రైనర్ 1972లో ప్రతిపాదించిన నమూనాను ఆవిడ ముందు పరిచయం చేశారు. దాని ప్రకారం, మొదట్లో సంస్థ స్థాపకుల చొరవతో పెరిగి నాయకత్వ సంక్షోభంలో పడుతుంది. గట్టి అజమాయిషీతో అది తీరితే, కిందివారికి స్వేచ్ఛ లేదన్న సంక్షోభం పుడుతుంది. అధికారాన్ని పంచితే, పట్టు జారిపోతోందన్న భయం మొదలవుతుంది. పుస్తకాల సంగతి ఇలా ముగించి, తన సూపర్‌వైజర్లలో ఒకాయన ఫోనును వారం రోజుల పాటు గమనించిన కథ చెప్పారు. ఆయన రోజుకు ఇరవైకి పైగా సార్లు ఆవిడకు ఫోన్ చేసేవారట. వాటిలో సగానికి సగం, లారీని లోపలికి రానివ్వాలా వద్దా అని అడగడానికే. తాను నమ్మకం లేక అధికారం ఇవ్వలేదో, అధికారం ఇవ్వక నమ్మకం కుదరలేదో తేల్చుకోలేక, చివరికి ఏయే నిర్ణయాలకు తనను అడగనక్కరలేదో ఒక కాగితం మీద రాసి గేటు దగ్గర అంటించారట. ఆ కాగితం ఫోటోను మాకు చూపించారు. దానిలో ఏడు వాక్యాలున్నాయి, రెండు కొట్టివేసి ఉన్నాయి. ఎందుకు కొట్టివేశారని అడిగితే, ఆ రెండింటిలో పొరపాట్లు జరిగాయనీ, మళ్లీ తన చేతికి తీసుకున్నాననీ అన్నారు. కొట్టివేసిన వాక్యాలను దాచకుండా చూపించడం వల్లే మిగతా ఐదింటి మీద నాకు గురి కుదిరింది.

ఉద్యోగులు వెళ్లిపోవడం గురించి కూడా ఆవిడే మాట్లాడారు. 1913లో ఫోర్డ్ కర్మాగారంలో ఏడాదికి 370 శాతం మంది మారిపోయేవారనీ, సుమారు 14,000 మందిని నిలుపుకోవడానికి 50,000 మందికి పైగా చేర్చుకోవలసి వచ్చిందనీ, 1914 జనవరిలో రోజుకు 8 గంటల పనికి 5 డాలర్లు ప్రకటించడానికి అదొక ముఖ్య కారణమనీ గుర్తుచేశారు. దాన్ని దాతృత్వంగా చూడవద్దనీ, మనిషి వెళ్లినప్పుడు అయ్యే ఖర్చును ఎవరైనా లెక్క వేశారా అన్నదే అసలు ప్రశ్న అనీ ఆవిడ వాదన. మా దగ్గర ఆ లెక్క ఎప్పుడూ లేదు. కొత్త మనిషికి కత్తిరింపు యంత్రం మీద చేయి తిరిగేలోపు పాడయ్యే అట్టను ‘వ్యర్థం’ అనే పద్దులో రాసేస్తాము. పాతవాడు వెళ్లిపోవడానికీ ఆ పద్దుకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు.

ఇక పనిచేసే చోట వస్తున్న ధోరణుల మీద పెట్టిన ఆరో, ఏడో వారాలు నిరాశపరిచాయి. ఇంటి నుంచి పనిచేస్తే ఉత్పాదకత పెరుగుతుందని పరిశోధనలు తేల్చాయన్న ఒక్క వాక్యంతో ఒక వక్త ముందుకు సాగిపోయారు. ఆ పరిశోధనల్లో ప్రసిద్ధమైనది ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చైనాలోని ప్రయాణ సేవల సంస్థ సీట్రిప్ కాల్ సెంటర్‌లో చేసినది. తొమ్మిది నెలల ఆ ప్రయోగంలో పనితీరు 13 శాతం పెరిగిన మాట నిజమే. కాని అందులో పెద్ద భాగం విరామాలు, అనారోగ్య సెలవులు తగ్గి ఎక్కువ నిమిషాలు పనిచేయడం వల్ల వచ్చింది. ప్రయోగం ముగిశాక ఎంచుకోమంటే, ఇంటి నుంచి పనిచేసినవారిలో దాదాపు సగం మంది ఆఫీసుకే తిరిగి వచ్చారు. అదే సంస్థలో తర్వాత 1,612 మందిపై జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనం, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయనిస్తే రాజీనామాలు మూడింట ఒక వంతు తగ్గాయనీ, పనితీరు మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదనీ చెప్పింది. ఈ రెంటికీ తేడా చెబితే గదిలో చర్చ పుట్టేది. వారానికి నాలుగు రోజుల పని గురించీ ఇలాగే జరిగింది. 2022లో బ్రిటన్‌లో 61 సంస్థలు పాల్గొన్న ప్రయోగంలో 56 దాన్ని కొనసాగించాయన్న అంకె చెప్పారు కాని, అవి తమంతట తాముగా ముందుకు వచ్చిన సంస్థలన్న సంగతి చెప్పలేదు. యంత్రం ఆగితే పని ఆగే మాలాంటి చోట షిఫ్టులను ఎలా సర్దాలని ఒకరు అడిగితే, అది ‘సంస్థ సంస్కృతి’ని బట్టి ఉంటుందన్న సమాధానం వచ్చింది. కృత్రిమ మేధ మీద గడిచిన గంటలో రాసుకోవలసింది ఏమీ దొరకలేదు.

మరో లోపం మరింత మౌలికమైనది. ఎనిమిది మంది వక్తలూ నిలదొక్కుకున్నవారే. అవే నిర్ణయాలు తీసుకుని, అదే ధైర్యం చూపి, మూతపడిన సంస్థ యజమాని ఒక్కరు కూడా ఆ వేదిక ఎక్కలేదు. అందువల్ల ఎవరైనా ‘నేను పట్టుదలతో నిలబడ్డాను’ అన్నప్పుడల్లా, నిలబడడం వల్ల గెలిచారా, గెలిచారు కనుక నిలబడ్డట్టు కనిపిస్తున్నారా అన్నది తేల్చుకునే వీలు లేకపోయింది. ఉద్యోగుల పక్షాన మాట్లాడినవారూ లేరు. వారి గురించి మాట్లాడినవారంతా వారికి జీతాలిచ్చేవారే. పైగా ప్రశ్నల గంట నాలుగు వారాల్లో ఇరవై నిమిషాలకు కుదించుకుపోయింది, ప్రసంగాలను సమయానికి ఆపేవారు లేక. నిర్వాహకులకు రాస్తే, వచ్చే విడత నుంచి ప్రశ్నలకు గంట కచ్చితంగా ఉంచుతామనీ, వ్యాపారం మూసివేసిన ఒకరినైనా పిలుస్తామనీ జవాబిచ్చారు.

ఇరవై నుంచి వంద మంది వరకు పనిచేసే సంస్థ నడుపుతూ, లెక్కల పుస్తకం తెరవడానికి వెనుకాడనివారు దీనిలో చేరవచ్చు. మూడో, ఐదో వారాలు చాలు, చెల్లించిన రుసుముకు న్యాయం జరుగుతుంది. ఇంకా వ్యాపారం మొదలుపెట్టనివారికి అవే రెండు వారాలు గాలిలో లెక్కల్లా తోచవచ్చు. ధోరణుల కోసమే అయితే నేను సిఫార్సు చేయను. చలానాను సరుకు దించిన చోటనే ఫోటో తీసి పంపాలని మా డ్రైవర్లకు చెప్పి మూడు నెలలైంది. ఆ 11 రోజులు 3 అయ్యాయి, అభ్యాస పుస్తకంలోని ఆ పేజీలో 92 కొట్టివేసి మా అకౌంటెంటు 84 అని రాశాడు.