రౌటర్ ఆర్డర్ పెట్టే ముందు ఆగండి: బాక్సు మీద 1200, వెనక పోర్టు 100

ఈ పూటే తేలింది. కోపం తగ్గకముందే రాస్తున్నా, ఎందుకంటే ఇదే రకం రౌటర్‌ను ఇప్పుడు కార్ట్‌లో పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఉంటారు. మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్ దాటి ఉంటే ఇది చదివాకే డబ్బు కట్టండి.

ప్లాన్ 300. కొన్నాళ్లుగా ఎప్పుడు టెస్ట్ చేసినా 92, 93, 94. దాని మీద ఒక్కటి పెరగదు. రౌటర్ పాతబడిందనుకుని ఏసీ1200 అనే వైఫై రకం కొత్తది తెప్పిస్తే దాంట్లోనూ 94.

కొనే ముందు చాట్‌లో సెల్లర్‌ను అడిగింది ఒక్కటే ప్రశ్న: "మాది 300 ప్లాన్. దీనితో పూర్తిగా 300 వస్తుందా?" జవాబు: "1200 వరకు సపోర్ట్ చేస్తుందండీ, నిశ్చింతగా తీసుకోండి." 94 చూపిస్తున్న స్క్రీన్‌షాట్ పంపాక అదే చాట్‌లో మాట మారిపోయింది: "1200 అంటే వైఫై స్పీడ్. పోర్టు సంగతి మీరు అడగలేదు. స్పెసిఫికేషన్ చదువుకుని కొనాలి." రిటర్న్ అడిగితే: "ప్రొడక్ట్‌లో లోపం లేదు, సీల్ తీసేశారు, కుదరదు."

ఈ "మీరు అడగలేదు" అన్న మాటే మింగుడుపడటం లేదు. 300 అని అంకె వేసి మరీ అడిగాం కదా! బయటి నుంచి నెట్ లోపలికి వచ్చేది వ్యాన్ పోర్టులోంచే. తూము వందే పట్టేదైతే కాలువ ఎంత వెడల్పు తవ్వినా పారేది వందే. రౌటర్లు అమ్మేవాళ్లకు ఇది తెలియకుండా ఉండదు. పేజీ పైన పెద్ద అక్షరాల్లో "గిగాబిట్ వైఫై" అని ఉంటుంది (గిగాబిట్ అంటే 1000 ఎంబీపీఎస్). ఎక్కడో కింద పట్టికలో, నొక్కితే తప్ప తెరుచుకోని చోట, "1 × 10/100 వ్యాన్, 4 × 10/100 ల్యాన్". అంటే నెట్ లోపలికొచ్చే పోర్టూ (వ్యాన్), ఇంట్లో పరికరాలకు వెళ్లే పోర్టులూ (ల్యాన్) వందకు మించవని. ఆ వరుస చూడకపోవడం మా తప్పే, ఒప్పుకుంటాం. కానీ సూటిగా అడిగినప్పుడు సూటిగా చెప్పకపోవడం పొరపాటు కాదు, మోసం.

1200 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (వైఫై తరంగాల శ్రేణి) 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 867. రెండూ కూడి పైకి సర్దితే 1200. మీ ఫోన్ ఒకసారికి మామూలుగా ఒక్క బ్యాండ్‌కే కనెక్ట్ అవుతుంది కాబట్టి ఆ మొత్తం ఏ ఫోన్‌కూ అందదు. ఆ 867 కూడా రెండు యాంటెన్నాల ఫోన్‌కు, 80 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్‌లో రౌటర్‌తో కుదిరే లింక్ స్పీడ్. ఒక్క యాంటెన్నా ఫోన్‌కు 433. డౌన్‌లోడ్‌లో నిజంగా చేతికొచ్చేది అందులో సగం, ఇంకాస్త ఎక్కువ. ఇక 2.4లో 300 రావాలంటే 40 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలి. చుట్టుపక్కల నెట్‌వర్క్‌లు ఎక్కువుంటే అది 20కి తగ్గుతుంది, లింక్ 144కి పడిపోతుంది. ఇన్ని లెక్కల తర్వాత కూడా, రెండు యాంటెన్నాల ఫోన్ అయితే 300 ప్లాన్‌కు 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే సరిపోతుంది. అడ్డుపడుతున్నది పోర్టు.

ఇప్పుడు 94 సంగతి. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ లింక్‌లో ప్యాకెట్ల హెడర్లు (ప్రతి డేటా ముక్కకూ తగిలించే చిరునామా వివరాలు) పోగా డేటాకు మిగిలేది సుమారు 94. గిగాబిట్ లింక్‌లో అలాగే 940 దాకా వస్తుంది. కాబట్టి పొద్దునా రాత్రీ తేడా లేకుండా, వైఫైలోనూ వైరులోనూ 92–95 దగ్గరే ఆగిపోతుంటే, మీ ప్లాన్ కూడా 100 కాకపోతే, దారిలో ఎక్కడో ఒక లింక్ 100కి దిగిపోయిందని గట్టిగా అనుమానించాలి. వైఫై సిగ్నల్ బలహీనమైతే అంకె గదిగదికీ మారుతుంది. లైన్‌లో రద్దీ ఉంటే సాయంత్రం తగ్గి తెల్లవారుజామున పెరుగుతుంది. ఇలా ఒకేచోట మేకు కొట్టినట్టు నిలబడదు.

కొత్తది కొన్నాక చేసిన పరీక్ష కొనక ముందే చేసి ఉంటే ఈ పోస్టు అవసరమే ఉండేది కాదు. ఫైబర్ బాక్స్ (కంపెనీవాళ్ల ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) నుంచి రౌటర్‌కు వెళ్లే కేబుల్‌ను పీకి నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి, నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్‌లో స్పీడ్ చూశాం: 100 ఎంబీపీఎస్. ఇంకా టెస్ట్ కూడా నడపలేదు, రౌటర్ మధ్యలో లేదు, అయినా 100! కేబుల్ మార్చగానే 1.0 జీబీపీఎస్, టెస్ట్‌లో 290 పైన. అదే కొత్త కేబుల్‌ను కొత్త రౌటర్‌కు పెడితే మళ్లీ 94. పాత రౌటర్‌కు పెడితే 290. అంటే పాతది మొదటి నుంచీ బాగానే ఉంది, దాని పోర్టులన్నీ గిగాబిట్‌వే. పాడైంది రెండు మీటర్ల కేబుల్.

ఎందుకలా జరుగుతుందంటే, 100 ఎంబీపీఎస్‌కు రెండు జతల తీగలు, అంటే 1, 2, 3, 6 పిన్నులు చాలు. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి. తలుపు సందులో నలిగో, క్లిప్ దగ్గర వంగో 4, 5, 7, 8లో ఏ ఒక్కటి తెగినా చాలా పరికరాలు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. లైట్ వెలుగుతూనే ఉంటుంది, నెట్ వస్తూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. కొన్ని చవక కేబుళ్లలో అసలు నాలుగు తీగలే ఉంటాయి. పారదర్శకంగా ఉండే ప్లగ్‌ను వెలుతురులో పట్టి చూడండి, నీలం, గోధుమ రంగు జతలు కనబడకపోతే అది 100 కేబులే. తొడుగు మీద క్యాట్5ఈ లేదా క్యాట్6 అని ఉన్నది తీసుకోండి, ఇంటికి అదే ఎక్కువ.

ఈ పరీక్షలో తప్పుదారి పట్టించేవి ఉన్నాయి. ల్యాప్‌టాప్ పోర్టు గిగాబిట్‌ది కావాలి. యూఎస్‌బీ అడాప్టర్ వాడితే అదీ గిగాబిట్‌దే కావాలి, లేకపోతే అక్కడ మళ్లీ 94 చూసి లైన్‌ను నిందిస్తారు. కొన్ని ఫైబర్ బాక్సుల్లో ల్యాన్ 1 ఒక్కటే గిగాబిట్, మిగతావి 100. రౌటర్ ఏ రంధ్రంలో గుచ్చి ఉందో చూడండి. బాక్స్ బ్రిడ్జ్ మోడ్‌లో (లాగిన్ పని తను చేయకుండా రౌటర్‌కు వదిలేసే పద్ధతి) ఉంటే ల్యాప్‌టాప్‌లో పీపీపీఓఈ, అంటే కంపెనీవాళ్లు ఇచ్చిన లాగిన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తేగాని నెట్ రాదు. అవి చేతిలో లేకుండా రౌటర్ వెనకున్న రీసెట్ గుంటలో పిన్ను మాత్రం పెట్టకండి, సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

నేరుగా వైరు పెట్టినా పూర్తి స్పీడ్ రాకపోతే అది కంపెనీవాళ్ల లైన్ సమస్య. బాక్స్ సెట్టింగుల పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ (ఫైబర్‌లో బాక్స్‌కు అందే వెలుగు బలం, డీబీఎంలో కొలుస్తారు) చూసి, అది మైనస్ 27 డీబీఎం దగ్గరికి దిగి ఉంటే ఆ అంకెతోనే కంప్లెయింట్ పెట్టండి. పసుపు ఫైబర్ తీగ ఎక్కడైనా మడత పడిందేమో కూడా చూడండి. వైరులో పూర్తిగా వచ్చి వైఫైలో తగ్గితే, ఫోన్ 2.4 బ్యాండ్‌లో ఉందేమో చూడండి. 2.4కు ఛానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది, వెడల్పు 20 పెట్టండి. వైఫై సెక్యూరిటీలో టీకేఐపీ (పాత రకం రక్షణ పద్ధతి) ఉంటే తీసేసి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి, టీకేఐపీతో లింక్ 54 దాటదు. రౌటర్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంటే ముందు అడాప్టర్ మార్చి చూడండి: వోల్టేజ్ సరిగ్గా పాతదే, ఆంపియర్లు పాతదానికి సమానం లేదా ఎక్కువ.

రౌటర్ మార్చాల్సిన సందర్భాలు లేవని కాదు. పోర్టులు 100వి, ప్లాన్ అంతకు మించింది. లేదా 5 గిగాహెర్ట్జ్ అసలే లేదు. లేదా తయారీదారు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేశారు. ఈ మూడింటికీ మార్చాల్సిందే.

కొనేటప్పుడు చాట్‌లో ఈ వాక్యం అడగండి: "వ్యాన్ పోర్టు 10/100/1000నా, 10/100నా?" "1200 వస్తుంది" అంటే అది జవాబు కాదు, మళ్లీ అడగండి. వచ్చిన జవాబును, స్పెసిఫికేషన్ పట్టికను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పెట్టె వచ్చాక సీల్ తీయకముందే దాని పక్క మీద అచ్చువేసిన పోర్టు వివరం చదవండి. 10/100 అని కనిపిస్తే అలాగే తిప్పి పంపేయండి. పాత రౌటర్‌ను మాత్రం కొత్తదానితో వైరు టెస్ట్ పూర్తయ్యేదాకా ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వకండి.