లెపర్డ్ గెక్కో కింద ఏం పరచాలి: పేపర్ టవలా, మట్టా?

లెపర్డ్ గెక్కో అనే ఈ పెంపుడు బల్లిది అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతం వైపు రాళ్లూ గట్టి మట్టీ ఉండే పొడి నేల. గాజు తొట్టిలో పెంచేవాళ్లు దాని కింద పేపర్ టవలైనా వేస్తారు, మట్టైనా పోస్తారు.

పేపర్ టవల్ చూడ్డానికి ఆసుపత్రి మంచంలా ఉంటుంది గానీ, కొత్తగా తెచ్చిన గెక్కోకి మొదట్లో అదే మేలు. రెట్ట పలచబడినా, రంగు మారినా తెల్ల కాగితం మీద ఇట్టే తెలిసిపోతుంది. పైగా ఇది ఎక్కువగా ఒకే మూలకి వెళ్లి రెట్ట వేసే జీవి. ఆ ముక్క మార్చేస్తే సరి.

ఆరోగ్యం కుదురుకున్నాక మాత్రం నా ఓటు మట్టికే. ఎరువు కలపని మట్టి సుమారు 70 శాతం, ఇసుక 30 శాతం, నాలుగంగుళాల మందం. తడిపి, చేత్తో అణిచి ఆరనిస్తే గట్టిపడుతుంది. గెక్కో దాన్ని గోకుతుంది, తవ్వుతుంది, రాతి కింద గుంత చేసుకుని పగలంతా పడుకుంటుంది. స్ప్రింగ్‌టెయిల్స్, ఐసోపాడ్స్ అనే చిన్న జీవులను వదిలితే రెట్టలో చాలా భాగం అవే తినేస్తాయి. వాటికోసం ఒక మూల చెమ్మగా ఉంచాలి. షాపుల్లో అమ్మే కాల్షియం ఇసుక జోలికి మాత్రం పోవద్దు, మింగితే కడుపులో గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఏది పరిచినా వెచ్చని వైపు సుమారు 32 డిగ్రీలు, చల్లని వైపు 25 ఉండాలి. తడి నాచు పెట్టిన గూడు కూడా తప్పదు. లేకపోతే సరిగా ఊడని కుబుసం వేళ్ల చుట్టూ బిగుసుకుని, వేలే రాలిపోవచ్చు.