95 మైళ్ల నుంచి 75కి: స్పీడు తగ్గిన నా స్నోమొబైల్ కథ

నాది మంచు మీద నడిచే 600 సీసీ, రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ట్రెయిల్ బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమెరికాలోని మిషిగన్ ఉత్తర కొసన, లేక్ సుపీరియర్‌కు దగ్గర్లో ఉన్న హోటన్ చుట్టుపక్కల కొన్ని చలికాలాలుగా దీనిమీదే తిరుగుతున్నాను. ఏటా 200 అంగుళాలకు అటూఇటుగా మంచు పడే చోటు ఇది, కాబట్టి బండికి పని తక్కువేమీ లేదు. ఈ తరగతి బళ్లన్నీ లోపల దాదాపు ఒకే తీరు, కంపెనీ పేరుతో పనిలేదు.

స్టార్టింగ్‌కి వంక పెట్టలేను. గడ్డకట్టే చలిలో కూడా తాడు రెండు మూడుసార్లు లాగితే అందుకుంటుంది. సస్పెన్షన్ బాగుంది, రోజంతా తిరిగొచ్చినా నడుం పట్టేయదు. పెట్రోలు మాత్రం బాగా తాగుతుంది, ఆయిల్ ఖర్చు అదనం. అసలు తలనొప్పి ఇంకోటుంది. దీని స్పీడు ఒక్కరోజులో పడిపోదు, మనకు తెలీకుండా కొంచెం కొంచెంగా జారిపోతుంది.

గడ్డకట్టిన పోర్టేజ్ సరస్సు మీద గంటకు 95 మైళ్లు చూపించిన బండి, పోయిన చలికాలం 75 దగ్గర ఆగిపోయింది. ఇలాంటప్పుడు ముందు మంచును అనుమానించాలి. కొత్తగా పడ్డ మెత్తటి మంచులోనూ, తడి మంచులోనూ ఏ బండైనా స్పీడు తగ్గుతుంది. అందుకే మంచు గట్టిపడ్డ ఒకే చోట మళ్లీ మళ్లీ పోనిచ్చి చూశాను. అదే 75.

షాపులో చూపిస్తే పిస్టన్లు అరిగాయి, ఇంజన్ విప్పాలి అన్నారు. ఇంటికొచ్చి, సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టి చూశాను. రెండు సిలిండర్లూ 120 పీఎస్ఐ దగ్గరే ఉన్నాయి. అంకె మాన్యువల్‌కి దగ్గరగా ఉండి, రెండింటి మధ్య తేడా పది శాతం లోపే ఉంటే ఇంజన్ జోలికి పోవడానికి తొందరేమీ లేదు.

నన్నడిగితే స్పీడు మీటరు కంటే ముందు చూడాల్సింది ఆర్‌పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో. దీంట్లో గేర్లు ఉండవు. మన యాక్టివాలో ఉండే బెల్టు, క్లచ్ ఏర్పాటే ఇక్కడ పెద్ద సైజులో ఉంటుంది. ఇంజన్ వైపు క్లచ్ మూసుకునే కొద్దీ బెల్టు దాని అంచు వైపు పైకెక్కుతుంది, వెనక క్లచ్‌లో కిందికి దిగుతుంది, బండి స్పీడు అందుకుంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం కూడా తక్కువగా ఉంటే తప్పు ఇంజన్ బలంలోనో, క్లచ్ సెట్టింగులోనో ఉంటుంది. ఆర్‌పీఎం సరిగ్గా ఉండి స్పీడు రాకపోతే బెల్టునో, బండి కింద తిరుగుతూ ముందుకు తోసే రబ్బరు పట్టీ, అదే ట్రాక్ దగ్గర రాపిడినో చూసుకోవాలి. నా బండికి 8,000 దాకా రావాలి. 7,300 దాటడం లేదు. కింద లాగుడు మామూలే, పైన మాత్రం గొంతు పట్టేసినట్టు అయిపోతోంది.

ఆ లక్షణం చూడగానే అనుమానం పవర్ వాల్వుల మీదికి పోయింది. ఎగ్జాస్ట్ దారి ఎత్తును పెంచి తగ్గించే పలకలివి. పై ఆర్‌పీఎంలో పైకి లేవాలి. చేపలు పట్టేవాళ్లతో కలిసి సరస్సు మీద నెమ్మదిగా తిరిగేది ఎక్కువ కాబట్టి కాలని ఆయిల్ మసి వాటికి పట్టేస్తుంది. బోల్టులు విప్పి లాగితే ఒకటి రానే రాలేదు. అటూఇటూ ఆడించి బయటికి తీస్తే, పలక చుట్టూ తారులాంటి నల్లటి జిగురు గట్టిపడి ఉంది. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, గిన్నెలు తోమే పచ్చ పీచుతో రుద్ది, వేళ్లతో నెడితే జారేలా చేశాను. గాస్కెట్లు కొత్తవి వేశాను. ఆర్‌పీఎం 8,000కి వచ్చేసింది.

స్పీడు మాత్రం 87. ఇంకా బాకీ ఉంది.

ఇక్కడ నాకు బాగా పనికొచ్చింది మామూలు మార్కర్ పెన్ను. ఇంజన్ ఆపి, ముందు క్లచ్ పళ్లెం మీద మధ్య నుంచి అంచు దాకా గీత గీశాను. గార్డు మళ్లీ బిగించి, సరస్సు మీద ఒక్కసారి ఫుల్‌గా పోనిచ్చి వచ్చాను. బెల్టు తాకినంత మేరా గీత చెరిగిపోయింది, అంచు దగ్గర వేలెడు వెడల్పున అలాగే మిగిలింది. అంటే బెల్టు అంచుదాకా ఎక్కడం లేదు. కాలిపర్‌తో బెల్టును కొలిస్తే మాన్యువల్‌లో ఇచ్చిన కనీస వెడల్పు కంటే సన్నబడింది. పక్కలు నున్నగా, గాజులా మెరుస్తున్నాయి. పళ్లేలకు పట్టిన రబ్బరు పొడిని తుడిచి కొత్త బెల్టు వేశాక 93 వచ్చింది. మిగతా రెండు మైళ్ల కోసం నేను కొట్లాడలేదు.

ట్రాక్ కూడా ఒకసారి చూసుకున్నాను. వెనక భాగం స్టాండు మీద ఎత్తి, ఇంజన్ ఆపి ఉండగా చేత్తో తిప్పితే సులువుగా తిరిగింది. పట్టేసినట్టుంటే మరీ బిగువుగా ఉందనో, బేరింగు పోయిందనో, బ్రేకు వదలడం లేదనో అర్థం. కింద ట్రాక్‌ను ఆనుకుని ఉండే ప్లాస్టిక్ స్లైడర్లకు మంచే లూబ్రికేషన్. హోటన్ నుంచి దక్షిణంగా పోయే బిల్ నికోల్స్ ట్రెయిల్ పాత రైలు కట్ట, గట్టిగా నున్నగా ఉంటుంది. చల్లటి రోజుల్లో అక్కడ మెత్తటి మంచు ఎగిరిపడక స్లైడర్లు వేడెక్కి కరుగుతాయి, వాసన కూడా వస్తుంది. మంచును గీకి పైకి చిమ్మే స్క్రాచర్లు వేయించుకున్నాక ఆ బాధ తగ్గింది.

ఈ తరం సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు పవర్ వాల్వులు చివరిసారి ఎప్పుడు తీశారో అడగండి. జవాబు తడబడితే ధర తగ్గించమనండి. బెల్టు కొత్తది వేస్తే మొదటి 30 మైళ్లు మెల్లగా నడపాలి. పాతది తెగకపోతే పారేయకండి, ట్రెయిల్ మధ్యలో ఇంటిదాకా తెచ్చేది అదే.