తెల్ల కారు, నీలం రంగు, ఐదు నట్ల చక్రం: జింప్‌తో ఆరేళ్ళు

మా మావయ్యకు విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది. లెక్కలు, ఫోన్లు, కస్టమర్లతో మాటలు నావి. రంగు గన్ను నేను ముట్టుకోను. 2019లో ఒకాయన వచ్చి, "నా స్విఫ్ట్‌కి ఎరుపు వేసి పైకప్పు నలుపు చేస్తే ఎలా ఉంటుందో ముందే చూపించగలరా?" అని అడిగాడు. మావయ్య షేడ్ కార్డు తీసి ముందు పెట్టాడు. "గోరంత ముక్క చూసి కారంతా ఎలా ఊహించుకోమంటారండీ" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లో జింప్ అనే ఫోటోలు మార్చే సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. డబ్బు కట్టక్కర్లేదు, అంతకు మించిన ఆలోచనేమీ లేదు.

జింప్ గురించి ఇంతకు మించిన వివరాలు, ఎక్కడ దొరుకుతుందో ఇక్కడ రాయను. వారం తిరక్కుండానే దాన్ని తీసేద్దామనుకున్నవాణ్ణి ఆరేళ్ళు ఎలా వాడానో, ఎక్కడ చెయ్యి కాల్చుకున్నానో చెబుతాను.

మొదటి వారం అంతా వృథా. నేను చూసిన వీడియోల్లో అందరూ ఎర్ర కారు తీసుకుని, హ్యూ స్లైడర్ జరిపి, నీలం చేసి చూపిస్తారు. చూస్తుంటే వెన్నలో కత్తి దిగినట్టు ఉంటుంది. మా షెడ్డుకు వచ్చే పది బండ్లలో ఆరో ఏడో తెల్లవి. నేను స్లైడర్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు లాగినా కారు మాత్రం మల్లెపువ్వులా అలాగే ఉండేది. కంప్యూటర్ పాడైందేమోనని ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేశాను కూడా. తర్వాత అర్థమైంది. హ్యూ అనేది ఉన్న రంగును ఇంకో రంగుకు తిప్పుతుంది. తెలుపులో తిప్పడానికి అసలు రంగంటూ ఉంటేగా!

దారి మల్టిప్లై అనే మోడ్‌లో దొరికింది. ఈ సమీక్ష రాయడానికి కారణం కూడా అదే. కారు ఫోటో మీద కొత్త లేయర్, అంటే ఇంకో పొర, వేసి, దాన్నిండా నీలం పోసి, మోడ్‌ని మల్టిప్లైకి మార్చాను. కారు నీలంగా మారిపోయింది! తలుపుల మధ్య సందులు, బంపర్ కింద నీడ, బోనెట్ వంపు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. తెలుపు ఉన్నచోట పోసిన రంగు పోసినట్టే నిలబడుతుంది, నీడ ఉన్నచోట రంగు ముదురుతుంది, నలుపు నలుపుగానే ఉండిపోతుంది. వెనకాల ఉన్నది మామూలు గుణకారం. ఫోటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో 0 నుంచి 255 దాకా అంకెలుంటాయి; రెండు లేయర్ల అంకెల్నీ హెచ్చవేసి 255తో భాగిస్తారు, అంతే. ఆ రాత్రి షెడ్డులో ఉన్న బండ్ల ఫోటోలన్నిటికీ రంగులు పోస్తూ రెండింటి దాకా కూర్చున్నాను. మా అత్తయ్య స్కూటీకి చిలకాకుపచ్చ వేసి పంపితే, పొద్దున్నే ఫోన్ చేసి "నిజంగా వేయించేస్తావా ఏంట్రా" అని భయపడింది.

రంగు కారు మీదే పడి, రోడ్డు మీదా వెనక గోడ మీదా పడకుండా ఉండాలంటే కారు ఆకారాన్ని కత్తిరించాలి. ఇక్కడ దొడ్డిదారి లేదు. మంత్రదండం లాంటి సెలెక్షన్ టూల్ తెల్ల కారునీ దాని వెనకున్న సున్నం గోడనీ కలిపి పట్టుకుంటుంది. పాత్ టూల్‌తో చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ పోవడమే. మొదట్లో ఒక్కో బండికి గంటన్నర పట్టేది, ఇప్పుడు ఇరవై నిమిషాలు. అద్దాలు, హ్యాండిళ్ళు, లైట్లు, నంబర్ ప్లేట్ విడిగా తీసేయాలి. షెడ్డు ముందు నేల మీద పెయింట్‌తో ఒక గీత గీసి, ముందు చక్రం సరిగ్గా అక్కడ ఆగేలా చూసి, ఎదురుగా స్తంభం పక్కన నిలబడి ఫోటో తీస్తాను. ఇలా చేస్తే ఒక స్విఫ్ట్‌కు గీసిన పాత్ అదే మోడల్ ఇంకో స్విఫ్ట్‌కు దాదాపు సరిపోతుంది, కాస్త అటూ ఇటూ జరుపుకుంటే చాలు. ఈ చిట్కా నాకు ఏ వీడియోలోనూ కనబడలేదు. మా పెయింటర్ చెప్పాడు.

చక్రాల దగ్గర నా పరువు ఒకసారి పోయింది. ఒకబ్బాయి స్విఫ్ట్‌కి అల్లాయ్ చక్రాలు పెట్టి చూపించమంటే, నెట్‌లో దొరికిన అందమైన చక్రం ఫోటో కత్తిరించి, పర్‌స్పెక్టివ్ టూల్‌తో వంచి అతికించాను. అబ్బాయికి తెగ నచ్చింది. మావయ్య కళ్ళజోడు పైకి నెట్టుకుని ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "నాలుగు నట్ల బండికి ఐదు నట్ల చక్రం ఎక్కించావేంట్రా" అన్నాడు. స్విఫ్ట్ హబ్‌కు నాలుగు బోల్టులే. కంప్యూటర్‌లో ఐదేం ఖర్మ, ఏడైనా కూర్చుంటాయి.

రెండో తప్పు సైజుది. రిమ్ పెద్దది అనగానే నేను చక్రం మొత్తాన్ని పెద్దది చేసేసేవాణ్ణి. అప్పుడు కారు చిన్న ట్రాక్టర్‌లా లేచి కనిపించేది. అసలు లెక్క వేరు. పాత స్విఫ్ట్‌లో కింది మోడల్‌కు వచ్చే 165/80 ఆర్14 టైరు (ఆర్ పక్క అంకె రిమ్ సైజు, అంగుళాల్లో) ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు. పై మోడల్ 185/65 ఆర్15 ఎత్తు 621 చిల్లర. బయట ఎక్కువమంది వేయించుకునే 195/55 ఆర్16 ఎత్తు కూడా 621 దగ్గరే. రిమ్ పెరిగిన మేరకు టైరు గోడ పలచబడుతుంది, బయటి గుండ్రం మారదు. అందుకని ఫోటోలో పాత టైరు బయటి అంచును అలాగే ఉంచి, లోపలి రిమ్‌ను మాత్రమే పెంచాలి. అలా చేసిన రోజు నుంచి నా బొమ్మలు నిజం కారులా కనబడటం మొదలైంది.

ఇక అసలు కథ. 2022 ఎండాకాలం. తెల్ల కారాయన ఒకరు నీలం కావాలన్నారు. ఆయన ఆఫీసు అయ్యాక వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర. ఎండ పసుపు నీళ్ళలా ఏటవాలుగా పడుతోంది. ఫోటో తీశాను, షేడ్ కార్డులో ఆయన వేలు పెట్టిన నీలాన్ని మల్టిప్లైలో పోశాను, పంపాను. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది: "అదిరింది తమ్ముడూ, ఇదే ఫైనల్." అడ్వాన్స్ కూడా పడింది.

నాలుగో రోజున బోనెట్, రెండు ముందు ఫెండర్లు రంగు పూర్తయ్యాయి. చూద్దామని ఆయన మధ్యాహ్నం వచ్చారు. బోనెట్ దగ్గర నిలబడి ఒకసారి కారు వైపు, ఒకసారి ఫోన్ వైపు చూశారు. "ఇది కాదుగా నువ్వు పంపింది" అన్నారు. నేను ఫోన్ తీసుకుని కారు పక్కన పెట్టి చూశాను. నిజంగానే అది కాదు. ఫోన్‌లో ఉన్నది నెమలి మెడ రంగు, కాస్త ఆకుపచ్చ కలిసిన ముదురు నీలం. బోనెట్ మీద ఉన్నది షేడ్ కార్డులో ఉన్న నీలమే, తేడా లేదు. పెయింటర్ తప్పు చేయలేదు, రంగు కలిపినవాళ్ళూ తప్పు చేయలేదు.

ఆ రాత్రి ఫైలు తెరిచి చుక్కచుక్కా కొలిచాను. సాయంత్రపు ఎండలో కారు తెలుపు తెలుపుగా లేదు. ఎరుపు 255, ఆకుపచ్చ 225, నీలం 180. కంటికి తెల్లగానే కనిపిస్తుంది, మెదడు సర్దేసుకుంటుంది. అంకెలు సర్దుకోవుగా. నేను పోసిన రంగులో ఆకుపచ్చ 60, నీలం 160. హెచ్చవేస్తే ఆకుపచ్చ 53 దగ్గర ఆగింది, నీలం మాత్రం 113కి పడిపోయింది. రంగు ముదిరింది, ఆకుపచ్చ వైపు జరిగింది. ఆయన ప్రేమించింది షేడ్ కార్డు నీలాన్ని కాదు, సాయంత్రం ఐదున్నర ఎండని!

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం రెండు రోజులు టెన్షన్‌తో అన్నం సహించలేదు. మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. రేకు ముక్కలు ఐదు కోయించి, ఒక్కో దాని మీద ఆకుపచ్చ కొంచెం కొంచెం పెంచుతూ కొట్టించాడు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి, తప్పుగా చేసిన నా ఫోటోను ఎదురుగా పెట్టుకుని దానికి సరిపడేలా రంగు కలుపుతూ కూర్చున్నాడు. కస్టమర్ వచ్చి ఐదింటినీ ఎండలో పెట్టి, నీడలో పెట్టి చూశారు. చివరికి ఫోటోలో ఉన్నదీ వద్దన్నారు, షేడ్ కార్డులో ఉన్నదీ వద్దన్నారు, మూడో రేకు చూపించారు. అదే వేశాం. రెండోసారి వేసిన రంగు ఖర్చు సగం మాది, సగం ఆయనది. సగం ఇవ్వాల్సిన అవసరం ఆయనకు నిజానికి లేదు. మంచి మనిషి.

అప్పటి నుంచి మధ్యాహ్నం పూట, నీడలో తప్ప ఫోటో తీయను. వైపర్ కింద ఒక తెల్ల ఏ4 కాగితం పెడతాను. రంగు పోసే ముందు లెవల్స్ అనే వెలుగు, రంగు సర్దే ఫిల్టర్‌లో తెలుపు పిక్కర్‌తో ఆ కాగితం మీద నొక్కితే పసుపు పోతుంది. పంపేటప్పుడు కింద "ఫోన్‌లో రంగు సుమారుగా మాత్రమే" అని రాస్తాను. ఇంత చేసినా ఒకే ఫోటో నా ఫోన్‌లో ఒకలా, స్క్రీన్ సెట్టింగ్ రంగుల్ని గాఢంగా చూపించే వివిడ్‌లో పెట్టుకున్న కస్టమర్ ఫోన్‌లో ఇంకోలా కనబడుతుంది. దానికి నా దగ్గర మందు లేదు.

మల్టిప్లై గురించి పైన చెప్పిందంతా నిజమే, కానీ కొంచెం వెనక్కి తీసుకోవాలి. నిజం కారులో రంగు మీద క్లియర్ కోటు, అంటే రంగు లేని మెరుపు పూత, ఉంటుంది. ఆకాశం వెలుగు దాని మీద తెల్లగా మెరుస్తుంది, కింద నీలం ఉన్నా ఎరుపు ఉన్నా. మల్టిప్లైలో ఆ మెరుపు కూడా నీలమైపోతుంది. అందుకే నా మొదటి ఏడాది బొమ్మలన్నీ ప్లాస్టిక్ బొమ్మ కార్లలా ఉన్నాయి. అసలు ఫోటో కాపీ ఒకటి అన్నిటికన్నా పైన స్క్రీన్ మోడ్‌లో (మల్టిప్లైకి తిరగేసింది, వెలుగు పెంచుతుంది) పెట్టి, అక్కర్లేని భాగాన్ని దాచే మాస్క్‌తో మెరుపులు మాత్రమే బయటికి వదిలితే బాగుపడుతుంది. మెటాలిక్ రంగులు మాత్రం ఎంత చేసినా రావు. మనం కారు చుట్టూ నడుస్తుంటే మారే రంగు అది, ఒక్క ఫోటోలో ఎలా పట్టుకుంటాం?

2025 మార్చిలో జింప్ 3.0 వచ్చింది. అంతకు ముందు లెవల్స్ లాంటివి ఒకసారి వేస్తే ఫోటోలో కలిసిపోయేవి. కస్టమర్ "కొంచెం లైట్‌గా" అంటే వెనక్కి వెళ్ళడానికి ఒక్కో కారుకు పది, పదిహేను ఎక్స్‌సీఎఫ్ (జింప్ సొంత రకం) ఫైళ్ళు దాచుకునేవాణ్ణి. ఇప్పుడు ఫిల్టర్ లేయర్‌కే అంటుకుని ఉంటుంది, తర్వాత తెరిచి మార్చుకోవచ్చు. నాకు ఆ ఒక్కటే చాలు. 4 జీబీ ర్యామ్ ఉన్న నా పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం నింపాదిగా నడుస్తుంది, టీ తాగి రావచ్చు.

అద్దాలు నల్లగా చేసి చూపించమని దాదాపు అందరూ అడుగుతారు. జింప్‌లో అది రెండు నిమిషాల పని. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని నిబంధన, 2012లో సుప్రీంకోర్టు కూడా నల్ల ఫిల్ముల మీద గట్టిగా చెప్పింది. బొమ్మ చూసి వేయించుకుని బెంజి సర్కిల్ దగ్గర చలానా కట్టి నన్ను తిట్టుకోవడం ఎందుకని ఇప్పుడు ఆ బొమ్మే చేయడం మానేశాను. కారు రంగు మార్చినా ఆర్‌సీలో మార్పించుకోవాలని బొమ్మతో పాటే చెప్పేస్తున్నాను.

ఈ మధ్య కొందరు ఏఐతో చేసిన బొమ్మలు ఫోన్‌లో పట్టుకొస్తున్నారు. నా వాటికన్నా వందరెట్లు అందంగా ఉంటాయి, కాదనను. కానీ మొన్న ఒకదాంట్లో ముందు చక్రానికి ఆరు కమ్మీలు, వెనక చక్రానికి ఏడు, వెనక తలుపుకు హ్యాండిలే లేదు. మావయ్య చూసి "ఈ బండిలో వెనక కూర్చున్నవాడు దిగేదెలా?" అని అడిగాడు.

నేర్చుకోమంటానా? నా సంగతి వేరు. షెడ్డు ఉంది, రోజూ బండ్లు వస్తాయి, తప్పు చేస్తే రేకు కోసి సరిదిద్దే మనిషి ఉన్నాడు. ఒక్క సొంత కారు కోసమే అయితే, ఆ చుక్కలు పెట్టడం నేర్చుకునే రెండు నెలలు పెట్టే ఓపిక ఉందో లేదో చూసుకోండి. ఫోటోషాప్ అద్దె కట్టగలిగేవాళ్ళకు పాఠాలు ఎక్కువ దొరుకుతాయి, ముఖ్యంగా పెళ్ళి ఆల్బమ్‌లు చేసేవాళ్ళు పెట్టిన తెలుగు వీడియోలు. తెల్ల కారు, వెండి రంగు కారు అయితే జింప్ చాలు. నల్ల కారయితే మల్టిప్లై పనిచేయదు, నలుపును దేనితో హెచ్చవేసినా నలుపే. లేత రంగులోకి మార్చాలని రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ బూడిద పూసినట్టు వచ్చింది. నల్ల కార్ల వాళ్ళకు మా షెడ్డులో ఇప్పటికీ రేకు ముక్కలే చూపిస్తున్నాం.