క్లాసులో పిల్లలు ఏడిస్తే టీచర్ ఏం చేయాలి: నేను చేసిన కోర్సు రివ్యూ

పిల్లలు క్లాసులో ఏడ్చినా, బిగుసుకుపోయినా, ఉన్నట్టుండి బెంచీ తన్నినా టీచర్ ఏం చేయాలో నేర్పే ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఈమధ్యే పూర్తి చేశా. చేయాలా వద్దా అని ఊగుతున్న టీచర్లుంటే చేసేయండి, ఒక పెద్ద లోటుంది గానీ అయినా చేయండి.

నాకు బాగా పనికొచ్చింది రెండో వారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ (మనసు బాగా కలత పడ్డవాళ్ళకి వెంటనే చేసే మొదటి సాయం) గైడ్‌లో మూడు మాటలుంటాయి, చూడు, విను, సాయం చేసేవాళ్ళతో కలుపు, పాఠమంతా వాటి మీదే. మనమేమో ఏడుపు వినపడగానే అందరి ముందూ "ఏమైంది, ఎందుకేడుస్తున్నావ్" అనేస్తాం. బాగా భయపడ్డప్పుడు, కోపమొచ్చినప్పుడు బుర్రలో ఆలోచన సరిగా సాగదు, అప్పుడు ఎందుకని అడిగితే జవాబెలా వస్తుంది చెప్పండి, ముందు ఒళ్ళు కుదుటపడాలి, ఊపిరి నెమ్మదిగా వదలాలి, మాటలు ఆ తర్వాతే.

కోర్సు నడుస్తుండగానే మా ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయి ఇచ్చిన లెక్క చేయడం మానేసి రబ్బరుని గోటితో గిల్లి గిల్లి పొడి చేస్తూ కూర్చుంది. ఇదివరకైతే గట్టిగా పేరు పెట్టి పిలిచేదాన్ని. ఆ రోజు మిగతావాళ్ళకి రెండు లెక్కలిచ్చి, తన పక్కన కూర్చుని "ఇక్కడే ఉంటావా అమ్మా, నీళ్ళు తాగొస్తావా" అని మెల్లిగా అడిగా, ఏదో ఒకటి తనే ఎంచుకునేలా అడగమని కోర్సులో చెప్పారు. చాలాసేపటికి "నీళ్ళు" అంది. అసలు సంగతి మూడు రోజుల తర్వాత తనే వచ్చి చెప్పింది.

నాలుగో వారం కష్టం. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదని, "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వొద్దని నేర్పారు. రోల్ ప్లేలో ఆ ప్రశ్న అడగడానికి నాకు గొంతు పెగల్లేదు, నాలుగోసారికి వచ్చింది.

ఇక లోటు. వీడియోలన్నిట్లో ఒక టీచర్, ఒక పిల్లాడు, ఖాళీ గది. మిగతా నలభై మంది తలలు తిప్పి చూస్తుంటే వాళ్ళనేం చేయాలి? కౌన్సెలర్ లేని స్కూల్లో ఎవరితో కలపాలి? రెండూ అడిగా, "సూచన పరిశీలిస్తాం" అని ఒక్క లైను వచ్చింది. అందుకని తోటి టీచర్ ఒకరిని కలుపుకుని చేయండి, ఒకరు ఆ పిల్లతో ఉంటే ఇంకొకరు క్లాసు చూస్తారు, మేమిద్దరం ఇప్పుడలాగే చేస్తున్నాం.